మూడో సంపుటం వీపులో

పోయిన వారం మన చలిచీమను బైండింగు గదిలో బల్ల ముందు, చేతిలో తడి కాగితం ముక్కతో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులు అలా నిలబడితే ఎవరికైనా కాళ్లు పీకుతాయి. ఆమెను కూర్చోబెట్టేముందు, ఈ వారమే కొత్తగా పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. పాతవాళ్లు ఈలోగా టీ పెట్టుకోవచ్చు.

చలిచీమ అసలు పేరు అది కాదని వేరే చెప్పక్కర్లేదు. పాత పుస్తకాలను బాగుచేసే విద్య ఒక సెమిస్టరు పాటు నేర్చుకోవడానికి దేశం కాని దేశం వచ్చి, కాలేజీవాళ్లు చూపించిన ఈ ఇంట్లో దిగింది. మొదటి రోజున రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని, ఆ కోటుతోనే భోజనానికి కూర్చుంటే ఇంటి పెద్దాయన పెట్టిన పేరు అది. ఆమె మాత్రం తక్కువ తిందా? ఆయన్ని తాతగారూ అనీ, ఆయన కూతురిని పిన్నీ అనీ పిలవడం మొదలుపెట్టి, వారం తిరక్కుండా వాళ్లిద్దరికీ అదే అలవాటు చేసేసింది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. తాతగారు యాభై ఏళ్లు పుస్తకాలు బైండు చేసిన మనిషి. పిన్ని కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. వంటింటి కిటికీ గట్టు మీద ఎవరెవరివో దవడల అచ్చులు ఎప్పుడూ ఆరుతూ ఉంటాయి.

చలిచీమ ఉంటున్న మేడమీది గది పిన్ని కూతురిది. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా జిగురు గిన్నెలో వేళ్లు పెట్టేదట, అందుకని తాతగారికి ఆమె బంకపిల్ల. ఏడేళ్ల కిందట చదువు మధ్యలో మానేసి, ఆ సంగతి తల్లి దగ్గర నెలల తరబడి దాచి, చివరికి దొరికిపోయింది. మాటా మాటా పెరిగి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. "తప్పు నాదే అని నీ చేత్తో రాసి పంపేదాకా నీ గొంతు నాకు వినిపించకు" అంది పిన్ని. పిల్ల రాయలేదు, పిన్ని పిలవలేదు. ఇదీ ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథ.

ఇక ఆ తడి కాగితం సంగతి. పరీక్ష కోసం కాలేజీ ఒక్కొక్కరికీ ఒక్కో పాడైన పుస్తకం ఇచ్చింది. చలిచీమ వంతుకు ఊరి గ్రంథాలయం నుంచి వచ్చిన మొక్కల విజ్ఞాన సర్వస్వం, ఆరు సంపుటాల్లో మూడోది వచ్చింది. వెనక అట్ట లోపలి మూల తాతగారి ముద్ర చూసి సంబరపడిపోయి, ఆయనకు చూపిద్దామని ఇంటికి తెచ్చింది. శనివారం పొద్దున పిన్ని ల్యాబుకు వెళ్లాక తడిగుడ్డ వేసి, పేజీలు కుట్టిన వైపు, అంటే పుస్తకం వీపు మీది కాగితాన్ని నానబెట్టి, మెల్లగా ఊడదీసింది. దాని లోపలి వైపు పెన్సిలు రాత ఉంది. ఆ రాత ఆమెకు కొత్తది కాదు. నాలుగు నెలలుగా రోజూ చూస్తూనే ఉంది. తన గదిలో సొరుగుల మీద 'మేజోళ్లు', 'దారాలు', 'ఎవరూ తెరవొద్దు' అని అంటించిన చీటీలన్నీ ఆ చేత్తో రాసినవే.

ఆమె తల తిప్పేసరికి గుమ్మంలో తాతగారు నిలబడి ఉన్నారు. అక్కడ ఆపాం కదూ.

"దాన్ని అద్దుడు కాగితాల మధ్య పెట్టు," అన్నారు తాతగారు. "అలా గాలికి పట్టుకుంటే ముడుచుకుపోతుంది."

చలిచీమ ఆయన చెప్పినట్టే చేసింది. రెండు అద్దుడు కాగితాల మధ్య ఆ ముక్కను పరిచి, పైన చెక్క పెట్టి, అప్పుడు ఆయన మొహంలోకి చూసింది. ఆయన అదేమిటని అడగలేదు. మామూలుగా అయితే ఆమె చేతిలో సూది చూసినా ఎన్నో నంబరు, ఏం దారం, ఎవరిచ్చారు అని మూడు ప్రశ్నలు వేసే మనిషి. ఇవాళ ఒక్కటీ వేయలేదు.

"అదేమిటో మీకు తెలుసు కదా తాతగారూ?"

తాతగారు స్టూలు లాక్కుని కూర్చుని, బల్ల మీద ఉన్న, మడతలు నొక్కే ఎముక బద్దను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "పుస్తకం వీపు గట్టిపడటానికి చిత్తు కాగితం వేస్తాం. కాలేజీలో చెప్పే ఉంటారు."

"చెప్పారు. ఇది చిత్తు కాగితం కాదు. ఉత్తరం."

"ఎంతవరకూ చదివావు?"

"ఒక్క లైను. తర్వాత కళ్లు తిప్పేసుకున్నాను. ఇంకొకళ్ల ఉత్తరం మనం చదవకూడదు కదా."

"ఇంకొకళ్లదని తెలిసిందంటే ఎవరిదో కూడా తెలిసినట్టే," అని తాతగారు గోడ గడియారం వైపు చూశారు. పదిన్నర. పిన్ని ఒంటిగంటకు వస్తుంది. "ఇదిగో చలిచీమా, నా మాట విను. అది ఆరగానే మళ్లీ దాని చోట్లో అంటించెయ్. మైదా జిగురు నేనే ఉడకబెట్టి ఇస్తాను, ఒక్క ఉండ కూడా ఉండదు. పైన కొత్త గుడ్డ వేసేస్తే లోపల ఏముందో దేవుడికి కూడా తెలీదు."

"కుదరదు తాతగారూ. ఊడదీసిన ప్రతి ముక్కకూ నంబరు వేసి, కవర్లో పెట్టి, సోమవారం మా మేడంకి ఇవ్వాలి. దానికే సగం మార్కులు."

"ఆ ఒక్క ముక్కా చిరిగిపోయిందని చెప్పు."

"చిరగలేదు కదా."

"అబ్బ, నీ నిజాయితీ తగలెయ్య!" అన్నారు ఆయన. అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకుండానే మొహం పక్కకు తిప్పుకున్నారు. చలిచీమ ఇంకేమీ అడగలేదు. కాలేజీలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకపోయినా, పాత పుస్తకాలతో పని చేసేవాళ్లకు ఓపిక దానంతట అదే వచ్చేస్తుంది. ఎండిన జిగురును గీకకూడదు, నాననివ్వాలి.

కాసేపటికి ఆయనే మొదలుపెట్టారు.

"అప్పటికి నా కళ్లు మసకబారి రెండేళ్లయింది. పొరలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మొట్టమొదట నా కత్తి లాక్కుంటారు. యాభై ఏళ్ల పని కదా, చేతికి దారి తెలుసు. కాగితం మంచిదో చెడ్డదో కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. వేళ్లతోనే చూసుకుంటూ నెట్టుకొచ్చాను. గ్రంథాలయం వాళ్ల ఆరు సంపుటాలు అప్పుడే వచ్చాయి. కుట్లన్నీ అయిపోయాయి, వీపులకు కాగితం కావాలి. చిత్తు పెట్టెలో చెయ్యి పెట్టాను. మందపాటి కాగితం తగిలింది. గట్టిగా, నారగా, ఎంత బాగుందనుకున్నావు! మడతపెట్టి, అంచు అంటించి ఉంది. ఏదో పాత పొట్లం అనుకుని విప్పాను. సరిగ్గా ఆరు బద్దలు వచ్చాయి. వరసగా కోశాను, వరసగా అంటించాను. ఒక్క పోగు వృథా పోలేదు."

"కవరు లేదా?"

"అదే కదా నా ఖర్మ. కవరు కొనడం ఈ ఇంటా వంటా లేదు. రాసిన కాగితాన్నే నాలుగు మడతలు వేసి, అంచుకు జిగురు రాస్తే అదే కవరు. బంకపిల్లకు ఆ మడతలు నేర్పింది నేను. ఇంకుతో రాస్తే తడికి పాకుతుంది, పెన్సిలుతో రాయమని చెప్పింది నేను. వెళ్లిపోయే రోజున ఆ మంచి కాగితాలు డజను తీసి దాని సంచీలో పెట్టింది కూడా నేనే. నోటితో ఏమీ చెప్పలేక పెట్టాను. అర్థం చేసుకుని రాసింది పిల్ల."

"మరి ఉత్తరం చిత్తు పెట్టెలోకి ఎలా వచ్చింది?"

"అది మాత్రం ఇప్పటికీ తెలీదు. ఈ గది వీధి తలుపుకు సందు ఉంది చూడు, ఉత్తరాలు అందులోంచి నేల మీద పడేవి. చిత్తు పెట్టె ఎప్పుడూ ఇక్కడే, ప్రెస్సు పక్కన ఉండేది. ఆ వారం చూస్తే తలుపు పక్కన, సరిగ్గా ఆ సందు కింద ఉంది. ఎలా వెళ్లిందో, కాళ్లు వచ్చి నడిచి వెళ్లిందో. నేనే జరిపి మరిచిపోయి ఉంటాను. వయసు కదా."

ఆరు పుస్తకాలూ ప్రెస్సులో బిగించేశాక, సాయంత్రం నేల మీది కత్తిరింపులు ఏరుతుంటే ఆయన వేలికి ఒక చిన్న ముక్క తగిలిందట. దాని అంచు పళ్లు పళ్లుగా ఉంది. ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుంటే స్టాంపు. ఏం కోశారో అప్పుడు తెలిసింది. మర్నాడు పొద్దున గ్రంథాలయం వ్యాను వచ్చింది. ఆరు సంపుటాలనూ ఆయనే స్వయంగా మోసి ఎక్కించారు.

"అప్పుడైనా చెప్పాల్సింది," అంది చలిచీమ. కోపంగా అనలేదు కానీ, అనకుండా ఉండలేకపోయింది.

"చెప్పాల్సింది. ఇంకో ఉత్తరం రాస్తుందిలే అనుకున్నాను. అది రాయలేదు. మా అమ్మాయి పంతం ఎంతో దానిదీ అంతే, ఒకే గుడ్డలోంచి కోసినవి కదా. మరుసటేడు ఆపరేషను చేయించుకున్నాను, కళ్లు వచ్చాయి. చెప్పడానికి మొహం చెల్లలేదు. రోజు గడిచేకొద్దీ ఇంకా చెల్లలేదు. సరే, ముందు ముక్కలైనా సంపాదించి చేతిలో పెట్టి చెబుదామని గ్రంథాలయానికి వెళ్లాను. ఆ ఆరూ ఒకసారి ఇవ్వండి, బాగుచేసి ఇస్తానన్నాను. అక్కడ కూర్చునే ఆవిడ నవ్వింది. మీరు చేసినవి బండల్లా ఉన్నాయి, వాటికేం రోగం అంది."

"అందుకనా గురువారం గురువారం..."

తాతగారు తల వంచుకున్నారు.

ప్రతి గురువారం ఆయన నీటుగా తల దువ్వుకుని పేపరు చదవడానికని గ్రంథాలయానికి వెళ్లడం మన పాఠకులకు తెలిసిందే. చదివి వచ్చిన వార్త ఒక్కటీ చెప్పకపోవడం మీద పిన్ని వేళాకోళం చేయడమూ తెలిసిందే. ఆయన చదివేది పేపరు కాదు. ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, తన చేత్తో కుట్టిన పుస్తకాలను ఒక్కొక్కటే వెల్లకిలా తెరిచి, ఎవరూ చూడకుండా మోచేత్తో నొక్కుతున్నారు. వీపు విరగాలని. ఆరేళ్ల నుంచి అదే పని. చలిచీమ ఈ ఇంటికి వచ్చిన మూడో రోజున పుస్తకం బోర్లా పెట్టిందని అరగంట క్లాసు పీకిన మనిషి ఈయనే.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోటు చేత్తో మొహం తుడుచుకుంది.

"మూడోది విరగడానికి ఆరేళ్లు పట్టింది," అన్నారు తాతగారు. ఆ గొంతులో ఎంత సిగ్గుందో అంత గర్వమూ ఉంది. ఆ గర్వాన్ని దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

అప్పటికి పన్నెండు దాటింది. చలిచీమ లేచి బల్ల తుడిచి, కత్తిని దాని గాటులో పెట్టింది. ఇంకో తొమ్మిది రోజుల్లో పెట్టె సర్దుకుని వెళ్లిపోయే మనిషి తను. ఈ నాలుగు నెలలూ తనకు పాలు వెచ్చబెట్టి ఇచ్చిన ఇల్లు, జ్వరం వస్తే పక్కన కూర్చున్న ఇల్లు. దీని గుట్టు తన చేతుల్లో పడటం ఏమిటి? చెబితే ఈ ముసలాయన పరువు పోతుంది, చెప్పకపోతే ఎక్కడో ఒక పిల్ల, తను రాసినా అమ్మ జవాబివ్వలేదని ఇంకా అనుకుంటూనే ఉంటుంది. ఏది చేసినా తన చేత్తో ఈ ఇంటిని విరిచినట్టే అవుతుందని ఆమెకు నిజంగా భయం వేసింది.

"తాతగారూ, నేను చెప్పను," అంది చివరికి.

ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

"మీరు చెప్పాలి. చెప్పకపోతే ఆ ముక్క సోమవారం కవర్లో పడి కాలేజీకి వెళ్తుంది. మా మేడం కళ్లజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదువుతారు. పిన్ని కంటే ముందు మా మేడం చదవడం ఏం బాగుంటుంది, మీరే చెప్పండి."

ఆయన అద్దుడు కాగితాల మీది చెక్కను ఎత్తి, వేలితో అంచు తాకి, ఆరిందో లేదో చూశారు. అది మాత్రం ఆయన పని.

ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుండగానే పిన్ని వచ్చింది. సంచీలోంచి కొత్త దవడ ఒకటి తీసి కిటికీ గట్టు మీద పెట్టి, సూపు వెచ్చబెట్టి, రొట్టె కోసి, ముగ్గురికీ వడ్డించి కూర్చుంది. రెండు చెంచాలు తాగేసరికి ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏమిటిద్దరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు? ఉప్పెక్కువైందా?"

"ఉప్పు సరిపోయింది," అన్నారు తాతగారు. కుర్చీ వెనక పెట్టుకున్న అట్టను తీసి, దాని మీది కాగితం ముక్కతో సహా బల్ల మీద, సూపు గిన్నెకు దూరంగా పెట్టారు. "బంకపిల్ల రాసింది. ఏడేళ్ల కిందటే రాసింది. నీకు రాకుండా కోసింది నేను."

ఇక ఆగితే మళ్లీ నోరు రాదనుకున్నారేమో, మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశారు. పొరలు, మంచి కాగితం, ఆరు బద్దలు, స్టాంపు, వ్యాను, గురువారాలు. చలిచీమ తన గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. పిన్ని అంతా విన్నాక లేచి వెళ్లి చేతులు కడుక్కుని, వేళ్ల సందులు కూడా శుభ్రంగా తుడుచుకుని వచ్చి కూర్చుంది. కానీ ముక్కను ముట్టుకోలేదు.

"నాన్నా, నీకు కళ్లు కనబడటం లేదని నాకు అప్పుడే తెలుసు."

తాతగారు నోరు తెరిచారు.

"నాకేమిటి, పక్కింటి కుక్కకి కూడా తెలుసు. దాన్ని రోజూ పిల్లీ అని పిలిచేవాడివి. అడిగితే నొచ్చుకుంటావని, కత్తి తీసేసుకుంటే మంచం ఎక్కుతావని ఊరుకున్నాను. నువ్వు పడుకున్నాక బైండింగు గదిలోకి వచ్చి, నీ కాలికి తగిలేవన్నీ ఒక్కొక్కటీ జరిపేదాన్ని. స్టూలు జరిపాను. జిగురు బకెట్టు బల్ల కిందికి తోశాను. చిత్తు పెట్టె..."

అక్కడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చలిచీమకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"రెండుసార్లు దాని మీద పడబోయావు," అంది పిన్ని, ఈసారి చాలా మెల్లగా. "తలుపు పక్కన ఖాళీ ఉందని తీసుకెళ్లి అక్కడ పెట్టాను. పైన సందు ఉన్న సంగతి నాకు తట్టలేదు."

ఎవరు ఎవరిని తప్పుపట్టాలి? ఆయన ఆమెకు తెలియకూడదని దాచారు, ఆమె తనకు తెలిసిందని ఆయనకు తెలియకూడదని దాచింది. ఇద్దరి ప్రేమా కలిసి ఒక ఉత్తరాన్ని మింగేసింది. తాతగారు చెయ్యి చాపి కూతురి మణికట్టు మీద వేశారు. ఆమె లాక్కోలేదు. సూపు మీద మీగడ కట్టింది.

కాసేపటికి పిన్ని అట్టను దగ్గరికి లాక్కుంది. ముక్క వెడల్పు నాలుగు వేళ్లు, పొడవు పుస్తకమంత. పై అంచున సగం తెగిన అక్షరాలున్నాయి, అవి రెండో సంపుటం తాలూకు. కింద ఐదు లైన్లు నిక్షేపంగా ఉన్నాయి. ఆమె ముక్కను చేతిలోకి తీసుకుని పైకే చదివింది.

"నా చేత్తో రాయమన్నావు, రాస్తున్నాను. తప్పు నాదే. కాలేజీ మానేసినందుకు కాదమ్మా, నీకు చెప్పకుండా దాచినందుకు. ఇంక నేను మళ్లీ రాయను, నువ్వు పిలిస్తే ఆ రోజే వచ్చేస్తాను. కానీ నువ్వు కూడా నాతో ఒక్క మాట అనాలి. పెద్దదేం కాదు. ఆ మాట అంటే చాలు, మిగతావన్నీ మరిచిపోతాను. నువ్వు అనాల్సిందేమిటంటే..."

కింది అంచు అక్కడ తెగింది. కత్తి ఎంత సూటిగా వెళ్లిందంటే ఒక్క పోగు కూడా లేవలేదు.

"మిగతాది ఏది?" అంది పిన్ని.

"నాలుగో సంపుటంలో."

"అదెక్కడుంది?"

"గ్రంథాలయంలో. శనివారం పన్నెండుకే మూసేస్తారు. సోమవారం దాకా తెరవరు," అని తాతగారు గొంతు సవరించుకున్నారు. "తెరిచినా అది ఊడదు. దానికి ఒక్క కుట్టు కూడా వదులు కాలేదు."

పిన్ని ఆయన వైపు చూసింది. ఎన్నాళ్లకో ఆ మొహం మీద కోపం కాని కోపం ఒకటి వచ్చి పోయింది. లేచి నడవలోకి వెళ్లి, గోడకున్న ఫోను ఎత్తింది. నంబరు కోసం ఎక్కడా వెతకలేదు. ఏడేళ్లుగా నొక్కని అంకెల్ని ఒక్కొక్కటీ చూడకుండా నొక్కింది.

చలిచీమ ఉండబట్టలేక గుమ్మం దాకా వచ్చింది. "సోమవారం దాకా ఆగితే నయమేమో పిన్నీ. ఏమనాలో తెలుస్తుంది కదా. మీరు ఇంకేదో అనేస్తే?"

"ఏడేళ్లు ఆగానమ్మా. ఇంక ఆగడం నాకు చేతకాదు."

తాతగారి చెవుల కోసం శబ్దం పెంచి ఉంచిన ఫోను అది. అవతల మోగడం నడవంతా వినబడుతోంది. మూడు, నాలుగు, ఐదు. ఆరోది సగంలో తెగింది. ఎవరో ఎత్తారు. హలో అనలేదు. ఇంటి నంబరు చూసే ఎత్తినట్టుంది. వెనక ఎక్కడో కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో ఆ కుళాయిని కట్టేశారు. ఇప్పుడు అవతల ఊపిరి ఒక్కటే వినబడుతోంది.

పిన్ని ఎడమచేతిలో ఆ కాగితం ముక్క ఇంకా ఉంది. దాని కింది అంచును ఒకసారి చూసుకుని, నోరు తెరిచింది.